చేపల పులుసా, పప్పా?

రొయ్యల చెరువుల మీద ఉద్యోగం చేసినవాడి డైరీలో ఏముంటుంది? నీళ్లలో ఉప్పు ఎంత, తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంత, మేత ఎంత వేశాం, ఎంత మిగిలింది. నా దగ్గరున్న ముప్పై ఒక్క డైరీల్లో చాలావరకు ఇదే. మా ఆవిడ వాటిని ఉప్పు పురాణం అంటుంది. అయినా పారేయనివ్వదు, ఎందుకంటే వాటిని పెట్టిన ట్రంకు పెట్టె మీద ఆమె కుట్టు మిషను ఉంది.

ఆ డైరీల్లో ఒకదాంట్లో ఒక పేజీ మీద మరక ఉంటుంది. చేపల పులుసు మరక. ఆ మరక పక్కన నేను రాసిన నాలుగు మాటలు నా ఉద్యోగంలోకెల్లా పెద్ద పొరపాటు. చెరువుల మీద కొత్తగా పనికి చేరే పిల్లలు దాని సంగతి తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను. బ్యాంకులో చేరే పిల్లలు చదివినా నష్టం లేదు.

మా ఫారం ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే, ఉప్పునీటి పాయ పక్కన ఉండేది. ఆ పాయని మేం క్రీకు అంటాం. పన్నెండు చెరువులు. తలెత్తితే థర్మల్ ప్లాంటు గొట్టాలు కనపడేవి. గాలి ఎటు వీస్తోందో తెలియాలంటే ఆ పొగ చూసేవాళ్లం. నేను నీళ్లు పరీక్ష చేసి, రిజిస్టర్లు రాసేవాణ్ణి. నా అసలు పేరుతో అక్కడ ఎవరికీ పని లేదు. 'డైరీ సారు' అంటే చాలు.

మా మేనేజరు నాకంటే ఆరేళ్లు చిన్నవాడు, కోపంలో మాత్రం అందరికంటే పెద్ద. వరి పండించే ఇంటి నుంచి వచ్చినవాడు. చదివింది తక్కువ, చూసింది ఎక్కువ. పొద్దున్నే గట్టు మీదికి వచ్చి చెక్‌ట్రే లాగేవాడు. చెక్‌ట్రే అంటే తాడు కట్టి నీళ్లలో దించే వల పళ్లెం. రొయ్యలు మేత తింటున్నాయో లేదో అందులో తెలుస్తుంది. ఆయన ఒక రొయ్యని అరచేతిలో వేసుకుని, వాసన చూసి, ఎవరినో ఒకరిని తిట్టి, "రేపు పొద్దున ఈ చెరువులో వల దించండి" అనేవాడు.

"ఎందుకు?" అని అడిగేవాణ్ణి నేను.

"కడుపులో తిప్పతా ఉందన్నా."

"కారణం చెప్పు. రిజిస్టర్లో రాయాలి."

"అదే కారణం. అట్నే రాసుకో."

నేను రాసేవాణ్ణి. చెరువులో రొయ్యలు ఎందుకు పట్టామో రాసే 'పట్టుబడికి కారణం' అన్న గడిలో 'కడుపు' అని. ఒకసారి నెల్లూరు నుంచి ఓనరు రిజిస్టరు చూసి ఫోన్ చేసి, "కూలోళ్లకి ఎవరికైనా వాంతులూ విరేచనాలా? డాక్టర్ని పంపించమంటావా?" అని అడిగాడు.

నాకు మేనేజరు పద్ధతి నచ్చేది కాదు. మనిషి అన్నవాడు ఒక కాగితం మీద నిలువు గీత గీసి, ఇటు లాభాలు, అటు నష్టాలు రాసి, ఏది పొడవైతే అది చేయాలి. నేను పెన్ను కొన్నా అంతే. ఆయన నన్ను చూసి, "నీ డైరీలో రొయ్యలు బతికుంటాయన్నా, చెరువులో చస్తాయి" అనేవాడు. ఆయన కడుపు తప్పని రుజువు చేయడానికి నేను ఒక ఏడాది డైరీలో రెండు వరుసలు పెట్టాను. ఒక వరుసలో నా లెక్క ఏం చెప్పింది, రెండో వరుసలో ఆయన కడుపు ఏం చెప్పింది, చివర్లో ఎవరిది నిజమైంది. శ్రావణం వచ్చేసరికి ఆ మూడో గడి నింపడం మానేశాను. కారణం రాయలేదు. మీరు ఊహించగలరు.

ఒక వానాకాలం సాయంత్రం జనరేటరు ఆగిందని కబురొస్తే, ఆయన బండి మీద గట్టెక్కి పరుగు పెట్టాడు. హెల్మెట్ షెడ్డులో కొక్కేనికి వేలాడుతూనే ఉంది. ఐదో చెరువు మలుపులో బంక మట్టి మీద బండి జారి, తూము దిమ్మకి నుదురు కొట్టుకుంది. నెల్లూరు ఆసుపత్రిలో చాలా రోజులున్నాడు. ప్రాణం దక్కింది. కాలూ చెయ్యీ బాగానే పని చేస్తున్నాయి. ఒక నెల తర్వాత మళ్లీ చూపించమని డాక్టరు కాగితం రాసిచ్చి ఇంటికి పంపాడు.

ఆయన ఇల్లంటే ఫారంలోనే రెండు గదులు. భార్య, బడికి పోయే కూతురు. ఉద్యోగం పోతే ఆ గదులూ పోతాయి. ఓనరు నన్ను పిలిచి చెప్పాడు: "నాకు జాలి లేక కాదు. పన్నెండు చెరువులు ఆయన చేతిలో పెట్టాలి కదా. నువ్వు నెల రోజులు దగ్గరుండి చూడు. ఉంచమంటే ఉంచుతా, పంపమంటే పంపుతా. నువ్వు రాసిందే నాకు ప్రమాణం."

ఇంత గౌరవం నాకు అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. కొత్త డైరీ కొన్నాను. రెండు రోజులు పట్టింది.

తిరిగి వచ్చిన మేనేజరుని చూసి మేమంతా మురిసిపోయాం. తిట్లు లేవు. కేకలు లేవు. కుక్కని కూడా "కొంచెం పక్కకి జరుగుతావా" అన్నాడు. నన్ను 'అన్నగారూ, మీరు' అనడం మొదలుపెట్టాడు. రెండో రోజు నా దగ్గరికొచ్చి, "అన్నగారూ, మీ డైరీలు ఒకసారి చూడొచ్చా?" అని అడిగాడు. పదిహేనేళ్లుగా ఆ మాట కోసం ఎదురు చూస్తున్నాను. నేను ట్రంకు పెట్టె మొత్తం తెచ్చి ఇచ్చాను, కుట్టు మిషను దించి.

అప్పుడు పరీక్ష పెట్టాను. నలభై ప్రశ్నలు. ఏ చెరువులో ఎప్పుడు రొయ్య పిల్ల వేశాం, ఏ హేచరీ నుంచి వచ్చింది, ఆక్సిజన్ ఎంతకి పడితే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ వెయ్యాలి, తెల్లమచ్చ రోగానికి గుర్తులేంటి, అది వస్తే ఏం చెయ్యాలి. నలభైకి నలభై చెప్పాడు. రెండు చోట్ల నా రిజిస్టర్లో తప్పు కూడా చూపించాడు.

మా షెడ్డులో వంట చేసే అక్క ఒకామె ఉండేది. మనిషి ఒక్కతే, నోరు పది మందికి సరిపోతుంది. నాలుగో రోజు మధ్యాహ్నం నేను అన్నం తింటూ డైరీ రాసుకుంటుంటే వచ్చి నా పక్కన గరిటె పట్టుకుని నిలబడింది.

"సార్, మేనేజరుకి ఇంకా తగ్గలా."

"ఎందుకు తగ్గలేదు? నలభైకి నలభై వచ్చాయి."

"మీ నలభై నాకెందుకు? చేపల పులుసు వెయ్యాలా, పప్పు వెయ్యాలా అని అడిగినా. కంచం పట్టుకుని నిలబడినాడు. పులుసు ఎందుకు మంచిదో చెప్పినాడు. పప్పు ఎందుకు మంచిదో చెప్పినాడు. మళ్లా పులుసు కాడికొచ్చినాడు. అన్నం చల్లారిపోయింది, ఎనకాల కూలోళ్లు ఎనిమిది మంది నిలబడుండారు. ఇదివరకైతే 'నీ తాడు తెగ, ఏదో ఒకటి పెట్టి చావు' అనేవాడు. అప్పుడే బాగుండాడు."

నేను నవ్వాను. నవ్వినప్పుడే పులుసు చుక్క పేజీ మీద పడింది. ఆ మరక పక్కన రాసుకున్న నాలుగు మాటలు ఇవి: 'భోజనంలో సైతం చక్కని విచక్షణ.'

ఆ సాయంత్రమే మేనేజరు భార్య బోరు దగ్గర నన్ను ఆపింది. నెమ్మదైన మనిషి, ఎప్పుడూ ఎక్కువ మాట్లాడదు.

"అన్నా, ఆయన కసురుకోవడం లేదు."

"మంచిదే కదమ్మా."

"నిన్న కత్తిపీటకి తెగి నా చేయంతా రక్తం. 'లోతుగా తెగింది, గట్టిగా అదిమి పట్టుకో' అన్నాడు. మంచి మాటే. కానీ ఆ మాట ఎట్ట చెప్పినాడంటే... రేడియోలో వార్తలు చెప్పినట్టు చెప్పినాడు. మీరు ఓనరుకి రాసేటప్పుడు రోంత చూసి రాయండన్నా. ఉద్యోగం పోతే మాకు చోటు లేదు. అట్టాగని ఆయన చేత కానిది ఆయన నెత్తిన పెట్టినా కష్టమే."

అంత సూటిగా చెప్పిన మాటని నేను భార్య బెంగ కింద కొట్టేశాను. నెల రోజులు చూడమన్న ఓనరుకి ఆరో రోజే రాశాను: 'జ్ఞాపకశక్తి అమోఘం. స్వభావం శాంతం. మునుపటికంటే మిన్న. పూర్తి అధికారాలు ఇవ్వవచ్చు.' ఓనరు ఇచ్చేశాడు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నిర్ణయంలోకి భావాలు రాకూడదని జీవితమంతా వాదించినవాణ్ణి నేను. మరి ఆ కాగితం మీద సంతకం పెట్టింది ఎవరు? ఆయన నా డైరీలు అడిగాడన్న నా సంబరం. అది నిలువు గీతకి ఇటూ రాలేదు, అటూ రాలేదు. వెనక నిలబడి నా చేయి పట్టుకుని రాయించింది.

తర్వాతి వారం మూడో చెరువు పట్టుబడికి సిద్ధమైంది. వల లాగే కూలీల బ్యాచ్ పొద్దున్నే వచ్చింది. ఐసు లారీ వచ్చి గట్టు కింద ఆగింది. వల మేస్త్రి ముందే చెప్పాడు: "సార్, మధ్యాహ్నానికల్లా మేం ఇంకో ఫారానికి పోవాల. ఒక చెరువే."

ఇంతలో ఏడో చెరువు కాపలా మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. గట్టు అంచున రొయ్యలు తేలుతున్నాయి, కొంగలు వరస కట్టి ఉన్నాయి అన్నాడు. నేనూ మేనేజరూ పోయాం. నిజమే. కొంగలు పెళ్లి బంతిలో కూర్చున్నట్టు కూర్చున్నాయి. రొయ్యలు ఎర్రబారి, నీరసంగా అంచుకి చేరుతున్నాయి. ఆయన ఒకదాన్ని తీసి తల మీది పెంకు ఒలిచి వెలుతురుకి పట్టాడు. తెల్లటి మచ్చలు.

ఏడో చెరువు రొయ్య ఇంకా చిన్నది. కానీ అమ్ముడుపోయేంత ఉంది. ఆ పూటే పట్టేస్తే కొంత దక్కుతుంది. లేకపోతే రెండు మూడు రోజుల్లో మొత్తం పోతుంది, పక్కనున్న ఎనిమిది, తొమ్మిది చెరువులకీ అంటుకోవచ్చు. రోగం ఉన్న చెరువులో తడిసిన వలని అదే రోజు ఇంకో చెరువులో దించకూడదు. ఉన్నది ఒకే వల, ఒకే బ్యాచ్, మధ్యాహ్నం దాకానే. మూడా, ఏడా?

"చెప్పండి మేనేజరు గారూ" అన్నాను.

"అన్నగారూ, ఏడు పడితే రోగం పాకకుండా ఆపొచ్చు" అన్నాడు.

"అయితే ఏడు."

"కానీ ల్యాబు రిపోర్టు సాయంత్రానికి గానీ రాదు. మచ్చ ఇంకో కారణంతో కూడా రావొచ్చు."

"అయితే మూడు."

"మూడు రెండు రోజులు ఆగగలదు. అయితే పున్నమి దగ్గరపడింది. పున్నమికి రొయ్య పెంకు వదిలిందంటే మెత్తబడిపోతుంది. లారీ మాట్లాడింది పెద్ద రొయ్యకి. అట్లాగని ఏడుని వదిలితే..."

నాకు చెప్పలేనంత ఆనందం వేసింది. ఇదీ పద్ధతి! గట్టు మీదే కూర్చుని డైరీ తీసి నిలువు గీత గీశాను. ఆయన చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. ఇటు ఆరు కారణాలు, అటు ఆరు. ఇటు ఏడోది దొరికింది. అటు కూడా దొరికింది. ఒక్కటి కూడా తప్పు కారణం కాదు. పేజీ తిప్పాను. కొంగలు తింటున్నాయి.

మేస్త్రి మూడో చెరువు దగ్గర నుంచి అరిచాడు: "సార్! వల దించాలా, మడిచి పెట్టాలా? పొద్దు నెత్తికొస్తా ఉంది!"

"ఒక్క నిమిషం!" అన్నాను.

"మీ నిమిషం అయ్యి గంటయింది సార్!"

వంట అక్క కూడా షెడ్డు నుంచి వచ్చేసింది, గరిటెతో సహా. మేనేజరుని చూసింది, నన్ను చూసింది, నా డైరీని చూసింది. "ఏంది సార్, మళ్లా పులుసా పప్పా?" అంది.

అప్పుడు తలెత్తి ఆయన ముఖం చూశాను. అరచేతిలో చచ్చిన రొయ్య. దాని వైపు బస్సు టికెట్టు వైపు చూసినట్టు చూస్తున్నాడు. నలభై ప్రశ్నల్లో ఇదీ ఉంది. జవాబు కూడా సరిగ్గా చెప్పాడు. కానీ ఆ జవాబు ఆయన్ని ఎక్కడా పొడవడం లేదు. పదిహేనేళ్లు ఈ గట్ల మీద అందరినీ తిట్టిన ఆ కడుపు నోరు మూసుకుని ఉంది. తిప్పేవాడు లేకపోతే తరాజు ముల్లు నడిమధ్యే నిలబడుతుంది, రెండు వైపులా ఎంత బరువు వేసినా.

అది చూడగానే నా కడుపులో తిప్పింది. అబద్ధం ఎందుకు, వాంతి వచ్చినంత పనైంది. నేను లేచి నిలబడి, నా జీవితంలో ఎన్నడూ అననిది, మేనేజరు రోజూ అనేది, గొంతు చించుకుని అరిచాను:

"మీ తాళ్లు తెగ! ఏడో చెరువురా! ఏడులో దించండి వల!"

గట్టు మీద అందరూ ఆగిపోయారు. కొంగలు లేచిపోయాయి. మేస్త్రి పక్కవాడితో, "డైరీ సారుకి ఏమైంది? ఈయన కూడా యాడన్నా పడినాడా?" అన్నాడు. అని వల ఎత్తుకుని పరుగు పెట్టాడు.

మధ్యాహ్నానికి సగం పైన దక్కింది. తతిమ్మా పోయింది. నీళ్లు క్రీకులోకి వదలకుండా తూము బిగించి బ్లీచింగ్ కొట్టాం. సాయంత్రం ల్యాబు రిపోర్టు వచ్చింది, తెల్లమచ్చే. ఎనిమిది, తొమ్మిది నిలబడ్డాయి. మా నిమిషం గంట కాకపోతే ఏడోది ఇంకొంచెం దక్కేది. ఆ గంట ఆయన ఖాతాలోది కాదు, నాది. డైరీలో 'పట్టుబడికి కారణం' దగ్గర 'కడుపు' అని రాసి, పక్కన 'నాది' అని చేర్చాను.

మర్నాడు ఆయన్నీ, ఆయన భార్యనీ తీసుకుని నెల్లూరు పోయాను. డాక్టరు అంతా విని అడిగాడు: "మీరు ఆయన్ని ఏమేం అడిగారు?"

నలభై ప్రశ్నలూ చూపించాను.

"ఇవన్నీ తెలుసా అని అడిగారు. ఎంచుకోమని ఒక్కసారైనా అడిగారా?"

"లేదండీ."

"మరి ఎవరు అడిగారు?"

"మా వంటామె అడిగింది."

డాక్టరు నవ్వలేదు. దెబ్బ నుదుటి వెనకున్న మెదడు భాగానికి తగిలిందని, తెలివి, జ్ఞాపకం ఉండే చోట్లు బాగానే ఉన్నాయని చెప్పాడు. రెండు దారులు ఎదురైనప్పుడు ఒకదాని మీద భయం, ఇంకోదాని మీద ఇష్టం పుట్టించి మనిషిని ముందుకి తోసే ఏర్పాటు దెబ్బ తిన్నదట. కొంత తిరిగి రావొచ్చు, ఎంత వస్తుందో చెప్పలేం అన్నాడు. పక్కన కూర్చున్న మేనేజరు శ్రద్ధగా విని, "ఇది సరిగ్గా సరిపోతోంది అన్నగారూ, రాసుకోండి" అన్నాడు.

తిరుగు బస్సులో ఆయన భార్యని అడిగాను, ఇంట్లో ఎట్లా నెట్టుకొస్తున్నావమ్మా అని.

"నేను ఒక్క చొక్కానే బయట పెడతానన్నా. రెండు పెడితే స్కూలు బస్సు పోయేదాకా ఆడనే నిలబడతాడు. ఏది అని అడగను. ఎంత, ఎప్పుడు, ఎక్కడ అని అడుగుతా. అదైతే తడుముకోకుండా చెప్తాడు. పాప లెక్కలన్నీ ఆయనే చెప్తుండాడు. ముందెప్పుడన్నా చెప్పినాడా? పలక విసిరికొట్టేవాడు."

వెంకటాచలం బోర్డు కనిపించేదాకా నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కండక్టరు నన్ను చూసి, "ఏం పెద్దాయనా, ముత్తుకూరు బస్సనుకుని ఎక్కినారా? ఇది గూడూరు పోతాది" అన్నాడు. ముగ్గురిలో బస్సు ఎంచింది నేనే. ఏది అని అడగకుండా ఎంత, ఎప్పుడు అని మాత్రమే అడిగే ఉద్యోగం మా ఫారంలో ఒకటుంది. అందులో ఉన్నదీ నేనే.

ఓనరు ముందు నిలబడి నా మొదటి కాగితం తప్పని చెప్పాను. ఆయన బల్ల మీద చేత్తో కొట్టాడు.

"నీ రాత నమ్మి పన్నెండు చెరువులు ఇచ్చినానయ్యా! ఇప్పుడు ఏమంటావు, పంపించేయమంటావా?"

"వద్దండీ. నా కుర్చీ ఆయనకివ్వండి. నీళ్ల పరీక్షలు, రిజిస్టర్లు. ఆయనకి నాకంటే బాగా గుర్తుంటాయి. తప్పు కూడా నాదే పట్టుకున్నాడు."

"మరి మేనేజరు ఎవరు?"

నేను గొంతు సవరించుకున్నాను.

"నువ్వా?" అన్నాడు ఓనరు. "పెన్ను కొనడానికి రెండు రోజులు తీసుకుంటావంట కదా నువ్వు!"

"ఇప్పుడు ఒక పూటలో కొంటున్నానండీ."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఒక్క పంట చూస్తానన్నాడు. ఆ ఒక్క పంట నేను రిటైరయ్యేదాకా సాగింది.

ఆ రెండు గదుల ఇల్లు పాత మేనేజరుకే ఉండిపోయింది. పాప అక్కడి నుంచే బడికి పోయింది. నేను మాత్రం చెడిపోయాను. గట్టు మీద అరవడం నేర్చుకున్నాను. రక్తపోటు మాత్రలు మొదలయ్యాయి. రాత్రుళ్లు నిద్రలో ఎవరివో తాళ్లు తెంపుతున్నానని మా ఆవిడ ఫిర్యాదు. ఆయన నా కుర్చీలో కూర్చుని నాకంటే శుభ్రంగా రిజిస్టర్లు రాశాడు. మేం ఇద్దరం కలిస్తే ఒక మేనేజరు. నేను చెక్‌ట్రే లాగి, "కడుపులో తిప్పుతోంది" అంటే, ఆయన తలెత్తకుండా, "ఎన్ని గంటలకి మొదలైంది అన్నగారూ?" అని అడిగి, ఏం తిన్నానో కూడా అడిగి రాసుకునేవాడు. ఒకటి రెండుసార్లు, "పోయిన పౌర్ణమికి కూడా ఇట్లాగే తిప్పిందన్నారు, అప్పుడు రొయ్యలకేమీ కాలేదు, మీరు ముందురోజు బజ్జీలు తిన్నారు" అని నన్ను ఆపాడు. అది నిజమే.

నేను మానేసే రోజు షెడ్డులో అందరూ కూర్చున్నారు. మేస్త్రి కూడా వచ్చాడు. వంట అక్క నా ముందు కంచం పెట్టి, గరిటె ఎత్తి, "చివరి పూట సార్. పులుసా, పప్పా?" అంది. జోకు కోసమే అడిగింది. కానీ అడిగాక కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అందరూ నా వైపే చూస్తున్నారు. కళ్లనిండా నీళ్లు, కంచం సరిగ్గా కనపడటం లేదు. అన్నం చల్లారుతోంది.

పాత మేనేజరు నా కడుపు లెక్కలు రాసిన రిజిస్టరు తిరగేసి, వేలితో ఒక వరస వెంట కిందిదాకా వచ్చి, వార్తలు చదివినట్టే చెప్పాడు:

"అక్కా, పులుసు వెయ్యండి. అన్నగారు బాధగా ఉన్న రోజుల్లో ఎప్పుడూ పులుసే తిన్నారు. ఇందులో ఉంది."